ముగ్గు లేని వాకిలి

ఆధార్ కార్డు ప్రకారం సారవ్వ వయసు ఎనభై నాలుగు. అది ఆ కార్డు రాసిన పిల్లవాడి చేతి చలవ. పుట్టిన సంవత్సరం అడిగితే ఆమె "రజాకార్ల లొల్లినాటికి నేను కాపురానికొచ్చి ఏడాదాయె" అని చెప్పింది. అతనికి రజాకార్లెవరో తెలియదు, ఆ జవాబు పట్టే గడి కంప్యూటర్లో లేదు. తోచిన సంవత్సరం ఒకటి వేసి, జనవరి ఒకటి అని కొట్టి, "అయిపోయిందవ్వా, వేలు పెట్టు" అన్నాడు. అసలు లెక్కన ఆమెకు తొంభై రెండు నిండాయి.

గోదావరిఖని ఎనిమిదో ఇంక్లైన్ బొగ్గుబాయి కాలనీలో, వరుసగా ఒకే తీరుగా కట్టిన క్వార్టర్లలో, చివరి నుంచి రెండో ఇంట్లో మనుమరాలు శోభతో ఉంటుంది. భర్త రాజం ముప్ఫై ఏళ్ళు బొగ్గుబాయిలో చేసి రిటైరై, ఎక్కువ కాలం సుఖపడకుండానే పోయాడు. కొడుకు నౌకరీలో ఉండగానే జబ్బు చేసి పోతే ఆ నౌకరీ శోభకు వచ్చింది. శోభ స్టోర్సులో జనరల్ మజ్దూర్. పొద్దున ఆరు దాటగానే స్కూటీ మీద ఫస్టు షిఫ్టుకు పోతుంది, మూడింటికి తిరిగొస్తుంది. ఆ మధ్యలో సారవ్వకు దిక్కూ మొక్కూ పక్కింటి బూదవ్వే.

సారవ్వ గురించి కాలనీలో అందరికీ తెలిసిన సంగతులు రెండు. వయసులో ఉన్నప్పుడు, రజాకార్ల మీద కొట్లాడిన దళాలకు చీటీలు మోసిందనేది ఒకటి. తన వాకిట్లో తాను ఎన్నడూ ముగ్గు వెయ్యదనేది రెండోది. మొదటిదానికి దండం పెట్టినవాళ్ళే రెండోదానికి మూతి తిప్పుకునేవాళ్ళు. "కమ్యూనిస్టు ముసల్ది, దేవుడే లేడంటది, ముగ్గెందుకేస్తది?" అని తేల్చేశారు. ఏటేటా మల్లన్నకు కొబ్బరికాయ కొట్టే మనిషి దేవుడు లేడని ఎప్పుడన్నదో వాళ్ళకే తెలియాలి.

అలాగని ఆ వాకిలి బోడిగా ఉండేది కాదు. నలభై అయిదేళ్ళ కింద పక్క క్వార్టర్లోకి దిగిన మొదటి వారంలోనే బూదవ్వ ఆ బోడి వాకిలి చూసి ఆగలేకపోయింది. "అక్కా, నీకు నడుములు నొస్తున్నయేమో. నా వాకిట్ల ఎట్లనూ ఏస్త, నీ వాకిట్ల రెండు గీతలు గీస్తె నా సొమ్మేం పోతది?" అన్నది. అప్పటి నుంచి రోజూ తెల్లవారగానే తన వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో సాన్పి చల్లి, ముగ్గు వేసి, ఆ గిన్నె పట్టుకునే ఇటు వచ్చేది. ఒకరికి ఎనభై, ఒకరికి తొంభై దాటినా ఆ పని ఆగలేదు. ఈ మధ్య మోకాళ్ళు పట్టేసి చిన్న పీట వేసుకుని కూర్చుని వేస్తుంది, అంతే తేడా.

బూదవ్వ సాన్పి చల్లేంతసేపూ సారవ్వ లోపలి గదిలో కొంగు చెవులకు అడ్డం పెట్టుకుని కూర్చునేది. చిన్నప్పుడు శోభ అడిగింది కూడా, "నానమ్మా, చెవులెందుకు మూస్కుంటున్నవ్?" అని. "సలి బిడ్డా" అన్నది సారవ్వ. అది మే నెల. రామగుండం ఎండలో చలి అన్న మనిషిని చూసి శోభ పకపకా నవ్వింది. ముగ్గు పడ్డాక సారవ్వ గోడ పక్కగా ఒదిగి నడిచి బయటికి పోయేది కానీ, దాని మీద కాలు పెట్టగా ఎవరూ చూడలేదు.

ఈ ఏడు పెద్దల అమావాస్యకు, అదే పెత్రమాసకు, ఒక రోజు ముందు, మధ్యాహ్నం, సదయ్య వచ్చాడు. సదయ్య రిటైరైన మైనింగ్ సర్దార్, యూనియన్‌లో తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకున్న మనిషి. సారవ్వ అత్తవారి ఊరే అతనిదీ. ఆ ఊరు ఇప్పుడు లేదు, ఓపెన్‌కాస్ట్ గనిలో కలిసిపోయింది. ఊరివాళ్ళు పునరావాస కాలనీలో ఉన్నారు. ఆ కాలనీ చౌరస్తాలో, రజాకార్ల కాలంలో ఊళ్ళో చనిపోయిన ముగ్గురు దళ సభ్యులకు సదయ్య స్తూపం కట్టిస్తున్నాడు. ఆ ముగ్గురిలో ఒకరు అతని తాత. ఇంకొకడు కిషన్, సారవ్వ మరిది.

"అవ్వా, ఆదివారం నువ్వే తెర తియ్యాలె. అప్పటోళ్ళల్ల నువ్వొక్కదానివే మిగిలినవ్" అన్నాడు సదయ్య, ఫోను తీసి రాతిపలక ఫొటో చూపిస్తూ. సారవ్వకు కళ్ళు ఆనవు. "సదువు బిడ్డా" అన్నది. సదయ్య మీటింగులో చదివినట్టే గొంతెత్తి చదివాడు. ముగ్గురి పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఆ తర్వాత ఈ వాక్యం: "సుంకరి పోశం అనే ద్రోహి ఇచ్చిన సమాచారంతో రజాకార్ల తూటాలకు నేలకొరిగిన వీరులు."

సరిగ్గా అప్పుడే బూదవ్వ మూడు గ్లాసుల్లో అల్లం చాయ్ పట్టుకుని గడప దాటి లోపలికి వచ్చింది. వాక్యం మొత్తం విన్నది. గ్లాసులు కింద పడలేదు, చాయ్ ఒలకలేదు. ఒక్కో గ్లాసు అందించి, తన గ్లాసు అక్కడే కిటికీలో పెట్టి, "పొయ్యి మీద పప్పున్నది" అని వెళ్ళిపోయింది. సదయ్య చాయ్ బాగుందన్నాడు. పాపం అతనికేం తెలుసు, ఆ చాయ్ పోసింది సుంకరి పోశం బిడ్డ అని.

సారవ్వకు తెలుసు. నలభై అయిదేళ్ళుగా తెలుసు. బూదవ్వ క్వార్టర్లోకి దిగిన రోజే పుట్టినూరు పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది, తండ్రి పేరు మింగేసింది. ఇంకో రెండేళ్ళకు, ఇద్దరూ కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతుంటే, తలెత్తకుండా అన్నది: "అక్కా, నీకు తప్ప ఎవ్వలకు జెప్పలె. మా నాయిన సర్కారుకు కబురు జేరేసిండట. దళపోళ్ళు సంపిండ్రు. నా పెనిమిటికి సుత ఎరుకలేదు. కడుపుల పెట్టుకో." సారవ్వ కడుపులో పెట్టుకున్నది. ఆ కడుపులో అప్పటికే ఇంకోటి ఉన్నది, ఆ మాట చెప్పే ధైర్యం ఆనాడు ఆమెకు రాలేదు.

అసలు జరిగింది ఇది.

సారవ్వకు అప్పుడు పదిహేనేళ్ళు. భర్త రాజం దూరాన ఇంకో దళంలో ఉన్నాడు, మరిది కిషన్ ఊరి చుట్టుపక్కల తిరిగే దళంలో ఉన్నాడు. ఆమె కొప్పులో చీటీ పెట్టుకుని, నెత్తి మీద గడ్డిమోపు పెట్టుకుని రజాకార్లూ నిజాం పోలీసులూ కలిసి ఉండే క్యాంపు ముందు నుంచే నడిచేది. రజాకార్లు మోపును బరిసెలతో పొడిచి చూసేవాళ్ళు. బరిసె మొన కొప్పుకు బెత్తెడు ఎత్తున తిరుగుతుంటే ఆమె నోట్లో పుల్ల నములుతూ నిలబడేది. భయమంటే ఏమిటో తెలియని వయసు కాదు, తెలిసీ లెక్కచేయని వయసు.

వాళ్ళ ఇల్లు ఊరికి కొసన, చేలకు ఎదురుగా ఉండేది. దళం వాళ్ళు తెల్లవారుజామున జొన్న గట్క తాగడానికి వచ్చేవాళ్ళు. ఊళ్ళో పోలీసులున్నదీ లేనిదీ చేనుగట్టు నుంచే తెలిసేదెట్లా అని వాళ్ళు తలలు పట్టుకుంటుంటే ఉపాయం చెప్పింది సారవ్వే. "వాకిట్ల ముగ్గుంటె రాండ్రి. లేకుంటె రాకుండ్రి. ముగ్గును ఏ పోలీసోడు సూస్తడు?" దళ నాయకుడు ఆమెను మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు ఆమె నెల రోజులు నేల మీద నడవలేదు. కిషన్ మాత్రం ఎగతాళి చేసేవాడు: "వదినె, నీ ముగ్గు కోడి గీకినట్టుంటది, గట్టు మీదికి కనవడ్తలేదు. జర పెద్దగెయ్యి."

ఎవరికీ, ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పవద్దన్నది నియమం. అప్పట్లో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు కూడా. అత్త తన బిడ్డ పురుడుకని వెళ్ళి రెండు నెలలు అక్కడే ఉన్నది. నెలనెలా సారవ్వ బయట కూర్చునే మూడు రోజులు వాకిలి బోడిగా ఉండేది, దళం వచ్చేది కాదు, పస్తులుండేది. ఎవరికీ నష్టం లేదు.

మూడో నెల ముట్టయిన రోజునే, సాయంత్రం, అత్త తిరిగి వచ్చింది. సారవ్వ వెనక పశువుల కొట్టంలో చాప మీద ఉన్నది. తెల్లవారుతుండగా గుర్రపు డెక్కల చప్పుడుకు లేచి చూస్తే, వడ్లు దాచేలోపే లెవీ ధాన్యం పట్టుకుందామని క్యాంపు వాళ్ళు పదిమంది ఊళ్ళోకి వస్తున్నారు. వచ్చి పక్కనున్న ఖాళీ చావడిలో నక్కారు. కొట్టంలో ఉన్నది కనుక ఆమె చూసింది, ఊరంతా నిద్రలో ఉన్నది. సారవ్వ లేవబోయి, మళ్ళీ చాప మీద కూర్చున్నది. తను బయట ఉన్నది కదా, వాకిలి ముట్టుకోలేదు కదా, ముగ్గుండదు. వాళ్ళు రారు. ఆ రోజు ముట్టవడం దేవుడి దయే అనుకుని చేతులు జోడించింది కూడా.

అప్పుడు ముందు వాకిట్లో సాన్పి చల్లిన చప్పుడైంది.

అత్త లేచింది. రెండు నెలల తర్వాత తన ఇంటికి తాను వచ్చిన మనిషి, పైగా శుక్రవారం. ఆ చప్పుడు సారవ్వ విన్నది. "అత్తా, ముగ్గెయ్యకు" అని ఒక్క కేక వేస్తే అయిపోయేది. కానీ పక్కనే తుపాకులున్నాయి, ఎందుకని అత్త అడిగితే ఏం చెప్పాలి? అత్తకు మోకాళ్ళ నొప్పులు, సాన్పి చల్లి ఊరుకుంటుందిలే, వంగి ముగ్గు ఎక్కడ వేస్తుంది అని తనకు తాను చెప్పుకున్నది. చెప్పుకుని నోరు మూసుకుని కూర్చున్నది. ఎంతసేపు? చెంబెడు నీళ్ళు పొయ్యి మీద మరిగేంతసేపు.

తుపాకుల మోత విని, ముట్టు మైల మరిచి ముందుకు ఉరికింది. ముగ్గురూ వాకిట్లోనే పడి ఉన్నారు. అత్త ముగ్గు వేసింది. చిన్నదీ కాదు, పదకొండు చుక్కల ముగ్గు, గుమ్మం నుంచి బాట దాకా పరిచింది. గట్టు మీదికి ఎంత బాగా కనబడి ఉంటుందో. ఆ ముగ్గు నడుమ కొడుకు మీద పడి ఆ తల్లి ఏడుస్తుంటే, అతని నెత్తురు, ఆమె చేతి పిండి ఒకటైపోయాయి.

మూడో రోజు జొన్నచేలో దళ నాయకుడు సారవ్వను అడిగాడు: "ముగ్గు ఎవలేసిండ్రు?"

అత్త వేసిందంటే, ఆ మాట ఊరంతా పాకి అత్త చెవిన పడితే, తన చేత్తోనే కొడుకును పిలిచి చంపుకున్నానని ఆ తల్లి బతుకుతుందా? సారవ్వ "నేనే" అన్నది. "అప్పటికి క్యాంపోళ్ళు ఊర్లకు రాలేదా?" అంటే "రాలె" అన్నది. ఆ రెండు మాటలతో లెక్క మారిపోయింది. ముగ్గు చూసి దళం వచ్చింది, ఆ తర్వాత పోలీసులు వచ్చారు, అంటే దళం వచ్చే వేళ ఎవరో ముందే క్యాంపుకు చేరేశారు. ఎవరు? ముందు రోజు పటేల్ మూట నెత్తిన పెట్టుకుని క్యాంపుకు పోయిందెవరు? సుంకరి పోశం. వెట్టివాడు, పటేల్ ఎటు పొమ్మంటే అటు పోయేవాడు.

మర్నాడు పోశం శవం ఊరి బయట దొరికింది. ఛాతీ మీద చీటీ, దానిలో ద్రోహి అన్న మాట. ఎవరూ శవం ఎత్తలేదు. పోశం భార్య ఇల్లిల్లూ తిరిగి నీళ్ళడిగితే తలుపులు మూశారు. పొద్దెక్కకముందే నాలుగేళ్ళ బిడ్డను చంకన వేసుకుని ఊరు విడిచిపోయింది. సారవ్వ తలుపు సందులోంచి చూసింది. ఆ పిల్ల తల్లి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నది. ఆ పిల్లే బూదవ్వ.

చెప్పకపోవడానికి మనిషికి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి. అత్త బతికినన్నాళ్ళూ అత్త కారణం. అత్త పోయాక, తమ్ముడి పేరెత్తితే కన్నీళ్ళు పెట్టుకునే రాజం కారణం. ఆ తర్వాత బూదవ్వే కారణం. పొద్దున వచ్చి ముగ్గు వేసి, మధ్యాహ్నం చాయ్ పోసి, జ్వరమొస్తే దవాఖానకు తోలుకపోయే మనిషిని పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? సారవ్వ పిరికిది కాదు, బరిసెల కింద నిలబడ్డది. కానీ ఈ ఒక్క విషయంలో ఆమెకంటే పిరికి మనిషి ఈ బొగ్గుబాయిల చుట్టుపక్కల లేదు. ఆ ముక్క ఆమెకు తెలుసు కనుకనే చెవులు మూసుకునేది.

సదయ్య లేవబోతుంటే సారవ్వ అతని చెయ్యి పట్టుకున్నది.

"బిడ్డా, ఆ ద్రోహి మాట తీసెయ్యాలె."

"ఎట్ల తీసేస్తరవ్వా? రాయి చెక్కుడు గూడ అయిపాయె. అయినా ఉన్న ముచ్చటే గద."

"గాదు. పోశం ఏం తప్పు జెయ్యలె."

"మరెవలు జేసిండ్రు?"

"ముందుగాల చెప్పాల్సినోళ్ళకు జెప్తా. రేపు మాపటికి రా, నీకు జెప్తా."

ఆ సాయంత్రం బూదవ్వ రాలేదు. కిటికీలో ఆమె చాయ్ గ్లాసు మీగడ కట్టి అలాగే ఉన్నది.

మర్నాడు పెత్రమాస. ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పి జంగమయ్యకు బియ్యం ఇచ్చే రోజు. ఆ సాయంత్రం నుంచే బతుకమ్మ మొదలు, కాలనీ ఆడపిల్లలు అప్పటికే పూల కోసం పరుగులు పెడుతున్నారు. బూదవ్వ ఎప్పటిలాగే తెల్లవారి వచ్చి ముగ్గు వేసి పోయింది, కానీ "అక్కా" అని పిలవలేదు. శోభ డ్యూటీకి పోయాక సారవ్వ కట్టె పట్టుకుని బయలుదేరింది. తన గడప నుంచి బూదవ్వ గడపకు ఇరవై అడుగులు. వీధి మొదట్లో జంగమయ్య గంట వినబడుతున్నది. ఆయన ఈ కొసకు వచ్చేలోగా చెప్పాలి. ఈ ఏడన్నా ఆ తండ్రి పేరు ఎవరో ఒకరు పలకాలి.

బూదవ్వ గుమ్మంలో చాటలు పెట్టుకుని కూర్చున్నది. ఒక్కో చాటలో బియ్యం, పప్పు, చింతపండు, బీరకాయ. మూడు చాటలు: తల్లికి, అత్తకు, పెనిమిటికి.

"మీ నాయినకు సుత ఒక చాట పెట్టు బూదవ్వా" అన్నది సారవ్వ, మెట్టు మీద కూలబడుతూ.

బూదవ్వ తలెత్తలేదు. "నిన్న ఇన్నవు గదక్కా. రాయి మీదికి గూడ ఎక్కిచ్చిండ్రు. గసొంటోనికి బియ్యమిస్తె ఉన్నోళ్ళకు పాపం తాకుతది."

"ఆ రాత అబద్ధం. ఆ అబద్ధం నేను జెప్పిన."

ఆ తర్వాత సారవ్వ ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. ముగ్గు గుర్తు, కొట్టం, సాన్పి చప్పుడు, తన మౌనం, పదకొండు చుక్కల ముగ్గు, జొన్నచేలో చెప్పిన రెండు మాటలు, తలుపు సందులోంచి చూసిన పిల్ల, అన్నీ చెప్పింది. అత్త కోసమన్న మాట కూడా చెప్పింది కానీ, చెబుతుంటేనే అది సాకులా వినబడి మధ్యలో వదిలేసింది. బూదవ్వ చేతిలోని పిడికెడు బియ్యం చాటలో పడలేదు, పిడికిలి అలాగే ఉన్నది.

ఆ పిడికిలి వైపే చూస్తూ అన్నది: "మా నాయిన నన్ను బుజం మీద కూసోవెట్టుకొని చెరుకు నమిలిచ్చేటోడు. ఆయన యాదికున్నది గదొక్కటే. ద్రోహి గద అని గది సుత యాది జేసుకోకుంట బతికినక్కా. యాదికొస్తె నా మొకం నేనే కొట్టుకున్న."

సారవ్వకు ఏడుపు ఆగలేదు. బూదవ్వ ఏడవలేదు.

"మా అవ్వ సచ్చేటప్పుడు గూడ 'నీ అయ్య ఎందుకట్ల జేసిండు బిడ్డా' అనే సచ్చింది. అప్పటికి నువ్వు నా పక్కింట్లనే ఉన్నవు. పీనుగు పక్కన కూసోని ఏడ్సినవు గూడ."

"అవు."

"నీకింత ఎరుకుండి, నలభై ఐదేండ్లు నా చేతి చాయ్ తాగినవా? నేనొచ్చి నీ వాకిట్ల ముగ్గేస్తుంటె సూస్కుంట కూసున్నవా?"

చెవులు మూసుకున్నానని సారవ్వ చెప్పబోయి, అది ఎంత చిన్న మాటో తోచి ఊరుకున్నది.

జంగమయ్య వచ్చి గంట ఊపి, "పేర్లు చెప్పవ్వా" అన్నాడు. బూదవ్వ తల్లి పేరు, అత్త పేరు, భర్త పేరు చెప్పి మూడు చాటల బియ్యం జోలెలో పోసింది. "ఇంకెవలన్న ఉన్నరా?" అని ఆయన ఏటా అడిగే మాటే అడిగాడు. ఏటా లేరని చెప్పేది.

"ఉన్నడయ్యా, మా నాయిన పోశం. కని ఆయనకింక దినాలు గాలె. దినాలు గానోనికి బియ్యమెట్లిస్త? అచ్చే యేడు ఇస్త" అన్నది బూదవ్వ. జంగమయ్య తికమకపడి చూశాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకున్నది. సారవ్వ మెట్టు మీద కాసేపు కూర్చుని, కట్టె పట్టుకుని ఇరవై అడుగులూ తిరిగి నడిచింది.

మర్నాడు బూదవ్వ వాకిట్లో ముగ్గు లేదు. సాన్పి కూడా లేదు. చావు జరిగిన ఇంట్లో ముగ్గు పడదు. మూడో రోజు ఆమె అన్నం, కూర వండి, ఒక సీసాలో చెరుకురసం పెట్టుకుని, కొడుకు అంజిని బండి తీయమని గోదావరి ఒడ్డుకు పోయి కాకిపిట్టకు పెట్టి వచ్చింది. తొమ్మిది రోజులూ వీధిలో బతుకమ్మ ఆడుతుంటే గుమ్మంలోంచి కదల్లేదు. ఎందుకు రావడం లేదని అడిగిన వాళ్ళకు ఒకటే మాట: "మా నాయిన సచ్చిపోయిండు." ఎనభై దాటిన మనిషికి నాయిన ఇప్పుడు పోవడమేమిటని జనం అంజిని పక్కకు పిలిచి అడిగారు. అంజి డంపర్ నడిపే మనిషి, ఎక్కువ మాట్లాడడు. "అవునట" అన్నాడు.

ఇటు సారవ్వ వాకిలీ బోడిగానే ఉన్నది. శోభ రెండు రోజులు చూసి, "నేనేస్త నానమ్మా" అని ముగ్గు గిన్నె తీస్తే సారవ్వ ఆ గిన్నె లాక్కుని మంచం కింద పెట్టుకున్నది. సంగతి శోభకూ చెప్పింది. శోభ ఆ పూట అన్నం వడ్డించి, తను తినకుండానే పడుకున్నది.

సదయ్యకు మాట ఇచ్చినట్టే పెత్రమాస సాయంత్రమే చెప్పింది. అతను తలకాయ పట్టుకుని కూర్చున్నాడు. "మా తాతను సంపిచ్చిండని ఒక్క మనిషిని తిట్టుకుంట పెరిగినమవ్వా. మా నాయిన గట్లనే పెరిగిండు. ఇప్పుడెవల్ని తిట్టాలె?" అన్నాడు. "నన్ను తిట్టు బిడ్డా" అన్నది సారవ్వ. అతను తిట్టలేదు. తిడితే ఆమెకు బాగుండేది.

ఆదివారం నాటికి రాతి మీది ఆ వాక్యంలో సిమెంటు నింపించాడు. నల్లరాయి మీద బూడిదరంగు పట్టీ కొట్టొచ్చినట్టు కనబడుతున్నది. సారవ్వ తెర తీసి, మైకు అడిగి, తను చేసింది చెప్పింది. వినేవాళ్ళు మొదట చప్పట్లకు చేతులెత్తి, తర్వాత దించేశారు. ముసలమ్మకు మతిపోయిందని ఒకరన్నారు. ఇన్నేళ్ళ తర్వాత చెప్పి వీరుల పేరు చెడగొట్టడమెందుకని ఇంకొకరన్నారు. పోశం పేరు ఆ ముగ్గురి కింద చెక్కాలని సారవ్వ అడిగింది. కమిటీలో మాట్లాడి చూద్దామన్నాడు సదయ్య. ఆమెకు వేయడానికి తెచ్చిన శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది, ఎవరూ వేయలేదు, ఆమె అడగలేదు. ఆ గుంపులో బూదవ్వ కోసం వెతికింది. బూదవ్వ రాలేదు.

దసరా వెళ్ళిన మర్నాడు, పన్నెండో రోజు పొద్దున, సారవ్వకు సాన్పి చల్లిన చప్పుడు వినబడింది. ఈసారి చెవులు మూసుకోలేదు. బయటికి వచ్చి చూసింది. బూదవ్వ తన వాకిట్లో పీట వేసుకుని, ఓపిగ్గా, పదకొండు చుక్కల ముగ్గు వేస్తున్నది. గుమ్మం నుంచి బాట దాకా.

సారవ్వ మనసు ఆగలేదు. ముగ్గుంటే రావచ్చని గుర్తు పెట్టింది తనే, ఆ గుర్తు సంగతి బూదవ్వకు చెప్పిందీ తనే. ఇంటింటికీ తెలిసిన వేరే ముగ్గులన్నీ ఉండగా సరిగ్గా ఆ పదకొండు చుక్కలే ఎందుకు వేసినట్టు? పిలుస్తున్నదేమో. పిలవకపోయినా, దినాలు అయిపోయాయి, మైల పోయింది, ఒక్క మాట మాట్లాడుతుందేమో. తొంభై రెండేళ్ళ మనిషి కట్టె టకటకలాడిస్తూ ఆ ఇరవై అడుగులూ ఎంత జల్ది నడిచిందో చూస్తే శోభ నమ్మి ఉండేది కాదు. ముగ్గు అంచు దగ్గర ఆగింది. కాలు పెట్టలేదు.

బూదవ్వ చివరి చుక్క కలిపి, చేతులు దులుపుకుని, పీట పట్టుకుని లేచింది. ఎదురుగా సారవ్వను చూసింది. కోపంగా చూడలేదు. చాలా అలసిపోయిన మనిషి చూసినట్టు చూసింది.

"అక్కా, ఇది నీకేసింది గాదు" అన్నది. "మా నాయినకేసిన."

"ఎరుకే బూదవ్వా" అన్నది సారవ్వ. ఆ క్షణం దాకా ఆమెకు తెలియదు. ముగ్గు చెరగకుండా కట్టెను పక్కకు ఊనుకుని వెనక్కి తిరిగి, తన బోడి వాకిట్లోకి నడిచి వచ్చింది.